మానసిక వార్డులో చేరిన ప్రతి ఒక్కరినీ తాగుడు గురించి ఎందుకు అడగాలి

గోదావరి డెల్టాలో ఒక మనిషికి మతి చలించిందని ఇంట్లోవాళ్లకు అర్థమయ్యాక, ఆసుపత్రి దాకా రావడానికి చాలా మలుపులుంటాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ చేస్తాడు. గాలి సోకిందని ఎవరో అంటే తావీదు కడతారు. అవేవీ పనిచేయకపోతే కాకినాడో, రాజమండ్రో, ఏలూరో, మరీ ముదిరితే విశాఖో తీసుకెళతారు. అప్పటికి ఆ మనిషి సరిగా నిద్రపోయి మూడు నాలుగు రోజులై ఉంటుంది. డాక్టరు ముందు ఇంట్లోవాళ్లు చెప్పేది ఆ మూడు నాలుగు రోజుల సంగతే. అరుస్తున్నాడు, కొట్టడానికి వస్తున్నాడు, తనను చంపడానికి ఎవరో కాపు కాశారంటున్నాడు. ఈ హడావుడిలో మద్యం, మత్తు పదార్థాల ప్రస్తావన కేస్ షీటులో 'అలవాట్లు: అప్పుడప్పుడు' అన్న ఒక్క ముక్కతో ముగిసిపోతుంది.

ఆ ఒక్క ముక్క సరిపోదు. మానసిక వార్డులో చేరే ప్రతి ఒక్కరినీ, ఆడా మగా తేడా లేకుండా, వయసుతో పని లేకుండా, మద్యం, గంజాయి, నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, పొగాకు గురించి ఒక పద్ధతి ప్రకారం అడగాలి. అడిగింది రాయాలి. రాసిన దాన్నిబట్టి చికిత్స మారాలి. బీపీ చూడకుండా, షుగర్ పరీక్ష చేయకుండా ఎవరినీ వార్డులోకి పంపరు కదా, దీనికీ అంత స్థానం ఉండాలి. అనుమానం వచ్చినవాళ్లనే అడిగితే చాలదా అంటే చాలదు. అనుమానమన్నది ఎక్కువగా బట్టల్ని, కులాన్ని, వయసును, వాసనను చూసి పుడుతుంది. పెద్ద రైతు, టీచరు, ముసలావిడ ఆ అనుమానంలోకి రారు.

మానసిక జబ్బు, మత్తు అలవాటు ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదేమీ కాదు. 1990లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద సర్వేలో 20 వేల పైచిలుకు మందిని పరిశీలించారు. లేని గొంతులు వినిపించే, లేనిపోని భ్రమలు పట్టే స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో 47 శాతం మందికి జీవితంలో ఏదో ఒక దశలో మద్యం లేదా మత్తు పదార్థాల సమస్య ఉన్నట్టు తేలింది. ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లలో ఈ వాటా సగం దాటింది. ఆ అంకెల్ని ఉన్నదున్నట్టు మన దగ్గరికి తెచ్చుకోలేం. అక్కడి మత్తు పదార్థాలు వేరు, అలవాట్లు వేరు, ఆడవాళ్లు తాగే తీరు వేరు. కానీ ఈ రెండు సమస్యలూ ఒకదాన్నొకటి పెంచుతాయన్న మాట మాత్రం ఏ దేశంలో చూసినా నిలబడుతోంది.

మన దేశం లెక్కలు చూస్తే, 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారు. అంటే సుమారు 16 కోట్ల మంది. వారిలో 5.7 కోట్ల మందికి తాగుడు సమస్యగా మారి సాయం అవసరమైన స్థితి ఉంది. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మద్యం సమస్య ఉన్నవాళ్లలో దాదాపు 86 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, కానీ ఇక్కడ పరిస్థితి అంతకంటే మెరుగని అనుకోవడానికి కారణం కనిపించదు. తాగుడు కోసమని ఎవరూ ఆసుపత్రికి రానప్పుడు, వేరే కారణంతో వచ్చి వార్డులో పడుకున్న రోజే దాన్ని పట్టుకోగలిగే అవకాశం.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది మొదటి మూడు రోజుల సంగతి. రోజూ గట్టిగా తాగే మనిషి వార్డులో చేరాడంటే ఆ క్షణం నుంచి తాగుడు ఆగిపోయినట్టే. ఆఖరి గ్లాసు పడిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. ఎక్కడున్నాడో తెలియదు. మంచం మీద పాములు పాకుతున్నాయంటాడు, గోడ మీద పురుగుల్ని దులుపుతుంటాడు, లేచి పరిగెడతాడు, ఒళ్లు కాలిపోతుంటుంది. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు.

ఇదే మనిషి సాధారణ వార్డులో ఉంటే అక్కడి డాక్టరుకు వెంటనే అనుమానం వస్తుంది. మానసిక వార్డులో మాత్రం పాములు కనిపిస్తున్నాయనడం, అరవడం, పరుగెత్తడం, అన్నీ అతను చేరిన జబ్బు ఖాతాలోకే వెళ్లిపోయే ప్రమాదం ఉంది. జబ్బు ముదిరిందనుకుని, భ్రమలు తగ్గించే హాలోపెరిడాల్ మోతాదు పెంచుతారు. చేతులు కట్టేస్తారు. హాలోపెరిడాల్ లాంటి మందులు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని కొంత పెంచుతాయి. అసలు అతనికి కావలసింది వణుకును, ఫిట్స్‌ను అదుపు చేసే క్లోర్‌డయజిపాక్సైడ్ లేదా లోరాజెపాం, ఒంట్లోకి ద్రవాలు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్. లివరు దెబ్బతిన్నవాళ్లకు లోరాజెపాం మేలు. శనివారం సాయంత్రం చేరిన మనిషిని 'ఆఖరిసారి ఎప్పుడు తాగారు?' అని ఒక్క మాట అడిగి రాసుంటే, సోమవారం రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు తను దేన్ని చూస్తోందో తెలుస్తుంది.

వణుకు, చెమట, నాడి, జ్వరం, ఈ నాలుగూ ఇక్కడ మాటలకంటే నమ్మదగినవి. తాగుడు ఆగినప్పుడు వచ్చే ఈ లక్షణాల తీవ్రతను కొలవడానికి ఆసుపత్రుల్లో వాడే సీవా అనే పది అంశాల పట్టికలో ఆందోళన, కలవరం, లేనివి కనిపించడం లాంటివి కూడా ఉన్నాయి. సైకోసిస్‌తో, అంటే భ్రమలతో వాస్తవం తెలియని స్థితిలో, చేరిన మనిషికి తాగుడుతో సంబంధం లేకుండానే ఆ గడుల్లో మార్కులు పడతాయి. పట్టిక వాడొద్దని కాదు. మానసిక వార్డులో దాన్ని చదివేటప్పుడు ఒంటి లక్షణాల వైపు ఎక్కువ మొగ్గాలి.

థయమిన్ గురించి కూడా కొంచెం ఆగి మాట్లాడాలి. తాగుడు ఎక్కువైనవాళ్లలో విటమిన్ బి1 అడుగంటిపోతుంది. ఆ స్థితిలో ముందు గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్త థయమిన్ కూడా ఖర్చయి, మెదడు దెబ్బతినే వెర్నికీ జబ్బు దిగవచ్చు. కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, నడక తూలడం, తికమక దాని గుర్తులు. పట్టించుకోకపోతే కొత్త విషయాలేవీ గుర్తుండని స్థితి మిగిలిపోతుంది. మర పట్టిన తెల్లబియ్యంలో బి1 తక్కువ. బ్రిటిష్ కాలంలో బెరిబెరి స్థిరంగా కనిపించిన ప్రాంతాల్లో ఉత్తర సర్కారులు ఒకటి, గోదావరి జిల్లాలు అందులో భాగమే. ఇప్పుడు తిండి మారింది కానీ, కూర ముట్టకుండా రెండు ముద్దలు మజ్జిగన్నం తిని తాగి పడుకునే మనిషి దగ్గర ఏమీ మారలేదు. 'నీరసంగా ఉన్నాడు, ఒక సెలైన్ పెట్టండి' అని బంధువులు బతిమాలే చోట, ఆ సీసాకు ముందు థయమిన్ పడాలా వద్దా అన్నది ఈ ప్రశ్న అడిగితేనే తేలుతుంది.

మొదటి మూడు రోజులు దాటాక వచ్చే తగువు వేరు. తాగి తాగి పిచ్చెక్కిందని ఇంట్లోవాళ్లంటారు. బుర్ర బాగోలేకే తాగుతున్నాడని అమ్మ అంటుంది. భార్య వైపువాళ్లు ఒకటి, అతని వైపువాళ్లు ఒకటి చెబుతారు. ఈ తగువులో డాక్టరు చేరిన రోజే తీర్పు చెప్పకపోవడం మంచిది. మత్తు పూర్తిగా ఆగిపోయి సుమారు నెల గడిచాక కూడా భ్రమలు, వినిపించే గొంతులు అలాగే ఉంటే, అది మత్తు వల్ల వచ్చిన తాత్కాలిక స్థితి కాకపోవచ్చని వైద్యశాస్త్రం లెక్క. ఆ నెలా వేచిచూడాలంటే మత్తు ఎప్పుడు ఆగిందో ముందు తెలియాలి. ఇక్కడా మళ్లీ మొదటి రోజు కేస్ షీటే ఆధారం.

గంజాయి విషయంలో ఈ వేచిచూడటం మరీ ముఖ్యం. విశాఖ ఏజెన్సీ కొండల నుంచి దిగే సరుకు డెల్టా పట్టణాల కాలేజీల దాకా వస్తోందన్నది ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. దాన్ని అరికట్టడానికే రాష్ట్ర ప్రభుత్వం 2024 చివర్లో ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగం పెట్టింది. గంజాయి తాగాక మొదటిసారి మతి తప్పిన కుర్రాణ్ణి వారం రోజుల్లో బాగుచేసి, 'ఇక ముట్టుకోకు' అని చెప్పి పంపేయడం చాలామందికి చాలనిపిస్తుంది. అది చాలదు. మత్తు వల్ల వచ్చిన సైకోసిస్ తర్వాత ఏమవుతుందో చూసిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2020లో ఒక సమీక్ష వచ్చింది. గంజాయితో మొదలైనవాళ్లలో మూడింట ఒక వంతు మందికి తర్వాత స్కిజోఫ్రీనియా నిర్ధారణ అయినట్టు అందులో తేలింది. మద్యంతో మొదలైనవాళ్లలో అది దాదాపు పదింట ఒక వంతు. కాబట్టి గంజాయి పేరు కేస్ షీటులో పడిందంటే ఆ కుర్రాడు ఏళ్ల తరబడి చూపించుకోవాల్సినవాడని అర్థం.

పొగాకు గురించి అడగడం పనికిమాలినదని చాలామంది అనుకుంటారు. బీడీ వల్ల మతి పోదు కదా అని. కానీ స్కిజోఫ్రీనియా వేరే మందులకు లొంగనప్పుడు వాడే క్లోజపిన్ అనే మందును కాలేయం కరిగించే వేగాన్ని పొగ పెంచుతుంది. పెంచేది నికోటిన్ కాదు, పొగలోని మసి రసాయనాలు. రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చే మనిషి వార్డులో మానేస్తే, అదే మోతాదుకు రక్తంలో క్లోజపిన్ బాగా పెరిగిపోతుంది. మత్తుగా పడుంటాడు, చొంగ కారుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంటికెళ్లి మళ్లీ బీడీ అందుకుంటే మందు పడిపోయి గొంతులు తిరిగొస్తాయి. మాత్రలు వేయట్లేదని ఇంట్లో తిట్లు తింటాడు. వేస్తూనే ఉండి ఉంటాడు పాపం.

ఇక ఎలా అడగాలన్నది. దీనికి సిద్ధంగా ఉన్న ప్రశ్నల పట్టికలు చాలానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో తెచ్చిన ఆడిట్ అనే పట్టికలో తాగుడు మీద పది ప్రశ్నలుంటాయి, మొత్తం 40 మార్కులు. 8 లేదా ఆపైన వస్తే ప్రమాదకరమైన తాగుడు, 20 లేదా ఆపైన వస్తే మద్యానికి బానిసై ఉండే అవకాశం. అదే సంస్థ తర్వాత తయారుచేసిన అసిస్ట్‌లో పొగాకు నుంచి గంజాయి, నిద్రమాత్రలు, నల్లమందు తరహా మందుల దాకా అన్నీ కవరవుతాయి. కేజ్ అనేది నాలుగు ప్రశ్నలది, నిమిషంలో అయిపోతుంది. మానసిక వార్డుకు మాత్రం కేజ్‌కు రెండు ఇబ్బందులున్నాయి. అది ఇప్పటి తాగుడును, ఎప్పుడో మానేసిన తాగుడును విడదీయదు. పైగా అందులో ఒక ప్రశ్న, తాగినందుకు తప్పు చేసినట్టు అనిపించిందా అని. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి తను పుట్టడమే తప్పనిపిస్తుంటుంది, ఇక ఆ ప్రశ్నకు ఏం జవాబొస్తుంది? తీవ్రమైన మానసిక జబ్బుతో ఆసుపత్రిలో చేరినవాళ్ల కోసమే 1998లో అమెరికాలో డాలీ అని 18 ప్రశ్నల పట్టిక చేశారు. ఆలోచన సరైందే, కానీ అందులోని జీవితం మన జీవితం కాదు. రోజువారీ వాడకానికి ఆడిట్, దానికి తోడుగా అసిస్ట్‌లోని మద్యమేతర ప్రశ్నలు డెల్టా ఆసుపత్రులకు చాలు.

పట్టికను తెలుగులోకి మార్చినంత మాత్రాన పని అయిపోదు. ఆడిట్ అడిగేది 'డ్రింకు'ల లెక్కన. ఒక డ్రింకు అంటే పది గ్రాముల ఆల్కహాలు. పాలకొల్లులోనో రావులపాలెంలోనో ఎవరూ డ్రింకుల లెక్కన తాగరు. క్వార్టర్, హాఫ్, బీరు, సీసా కల్లు, గ్లాసు సారా, ఇవీ కొలతలు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మామూలు విస్కీ, బ్రాందీలు 42.8 శాతం ఘాటుతో వస్తాయి. లెక్క వేస్తే ఒక క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు, అంటే ఆరు డ్రింకులు. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి నాలుగు డ్రింకులతో సమానం. ఆడిట్ మూడో ప్రశ్న, ఒకే కూర్చోవడంలో ఆరు డ్రింకులు లేదా అంతకంటే ఎక్కువ ఎంత తరచుగా తాగుతారని. 'ఏముందండీ, సాయంత్రం పని దిగాక ఒక్క క్వార్టరే' అని ఎంతో సహజంగా చెప్పే మనిషికి ఆ ప్రశ్నలో పూర్తి మార్కులు పడాలి. మొదటి మూడు ప్రశ్నల్లోనే అతని స్కోరు 10 అవుతుంది. ప్రశ్న అడిగే నర్సుకు ఈ మారకం తెలియకపోతే క్వార్టర్‌ను ఒక డ్రింకుగా రాస్తారు, మనిషి సురక్షితమైన గడిలోకి వెళ్లిపోతాడు. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 99 రూపాయలకే క్వార్టర్ అమ్మకానికి వచ్చింది. కూలి డబ్బులో అది ఎంత వాటానో ఆలోచిస్తే, 'ఒక్క క్వార్టరే' అన్న జవాబు ఇంకా ఎంతమంది నోట వస్తుందో ఊహించవచ్చు.

కల్లు లెక్క కష్టం. పొద్దున దించింది తేలిక, ఎండెక్కేకొద్దీ పులిసి ఘాటు పెరుగుతుంది. లంక గ్రామాల్లో కాచే నాటుసారాకైతే లేబులే ఉండదు. అక్కడ గ్రాముల జోలికి పోకుండా వారంలో ఎన్ని రోజులు, పొద్దున్నే మొదలవుతుందా, తాగకపోతే చేతులు వణుకుతాయా అని అడిగితే ఎక్కువ తెలుస్తుంది. పుదుచ్చేరి కిందున్న యానాం దగ్గరి ఊళ్లవాళ్లను సరుకు ఎక్కణ్ణుంచి తెస్తారని అడగాల్సిన పని లేదు. అది ఎక్సైజ్ వాళ్ల ప్రశ్న. ఆసుపత్రి దాన్ని ముట్టుకుంటే ఆ తర్వాత నిజం రాదు.

అడిగే మాట తీరును బట్టి కూడా జవాబు మారుతుంది. 'తాగుడు అలవాటుందా?' అంటే 'అబ్బే, లేదండీ' అని వస్తుంది, ముఖ్యంగా పక్కన బావమరిది నిలబడి ఉంటే. 'ఇక్కడ చేరిన అందరినీ అడుగుతామండీ, మందులు సరిగ్గా ఇవ్వడం కోసం. ఆఖరిసారి ఎప్పుడు తీసుకున్నారు? ఎంత?' అంటే మనిషి కాస్త తేలికపడతాడు. మొదట మనిషిని ఒంటరిగా అడగాలి, తర్వాత ఇంట్లోవాళ్లను విడిగా. ఇద్దరి జవాబులూ కలవకపోతే రెండూ రాయాలి, తీర్పు రాయకూడదు. ఉన్మాదంలో ఉన్న మనిషిని చేరిన గంటలోనే పది ప్రశ్నలతో వేధించి లాభం లేదు. ఆ రోజుకు ఆఖరి మోతాదు, ఎన్నాళ్లుగా, గతంలో ఫిట్స్ వచ్చాయా అన్న మూడూ ఇంట్లోవాళ్ల దగ్గర రాబట్టి, మనిషి కుదుటపడ్డాక మిగతావి పూర్తి చేయాలి. ఆ పూర్తి చేసే రోజును కేస్ షీటులో ముందే గుర్తు పెట్టకపోతే అది ఎప్పటికీ రాదు.

డెల్టాకు ప్రత్యేకమైన కొన్ని ప్రశ్నలు ఏ పట్టికలోనూ ఉండవు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న మనిషి నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. చాలా కుటుంబాలకు ఆ మండలం రోజులే ఏడాది మొత్తంలో ప్రశాంతత. 'మాలలో మానేశాడండీ, కాబట్టి అలవాటు అంత లేదు' అన్న మాట ఆసుపత్రిలో నమ్మదగినదిగా వినిపిస్తుంది. దాని మీద ఆధారపడకూడదు. నలభై రోజులు ఆపగలగడం బానిసత్వం లేదనడానికి రుజువు కాదు. మరోవైపు, రోజూ గట్టిగా తాగే మనిషి మాల కోసం ఒక్కసారిగా ఆపితే రెండో రోజో మూడో రోజో ఫిట్స్, డెలీరియం రావచ్చు. దీక్షలో ఏదో లోపం జరిగిందనుకుని ఇంట్లోవాళ్లు భయపడతారు. ఒక్కసారిగా సరఫరా ఆగితే ఏమవుతుందో 2020 లాక్‌డౌన్ మొదటి రోజుల్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చిన జనమే చూపించారు. దీక్ష తీసుకోవాలనుకునేవాళ్లు పది రోజుల ముందు డాక్టరును కలిస్తే మాల హాయిగా సాగుతుంది. ఈ మాట గురుస్వాములు చెబితే డాక్టరు చెప్పినదానికంటే బాగా వెళుతుంది.

ఇంకో ప్రశ్న భార్యల్ని, తల్లుల్ని అడగాల్సింది, చాలా మెల్లగా అడగాల్సింది. 'తెలియకుండా అన్నంలో ఏమైనా కలుపుతున్నారా అమ్మా?' తాగుడు మాన్పిస్తుందని ఎవరో ఇచ్చిన పొడిగానో మాత్రగానో డైసల్ఫిరామ్ ఇళ్లలోకి చేరుతుంది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబారి, గుండె కొట్టుకుని, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దానివల్లే కొందరికి సైకోసిస్ కూడా వస్తుంది. అంటే వార్డులో చేరడానికి కారణం ఆ మాత్రే కావచ్చు. ఆ తల్లిని నిందించడం అన్యాయం. వేరే దారి ఎవరూ చూపించకే అక్కడిదాకా వచ్చింది. కానీ అడగకుండా ఆ విషయం బయటపడదు.

ఆడవాళ్లను ఈ ప్రశ్నలు దాదాపు ఎవరూ అడగరు. 2019 జాతీయ సర్వేలో మద్యం తాగే మగవాళ్లు 27 శాతం, ఆడవాళ్లు 1.6 శాతం. ఈ అంకెను చూసి వదిలేయడం పెద్ద పొరపాటు. ఆడవాళ్ల మత్తు ఎక్కువగా మందుల షాపులో ఉంటుంది. నిద్ర పట్టట్లేదని ఎప్పుడో రాసిన అల్ప్రాజోలాం చీటీ ఏళ్ల తరబడి నడుస్తుంది. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఇంటి పనిలో ఉండి వచ్చిన మనిషి అక్కడ నిద్రకు, నొప్పులకు ఏం వాడిందో ఎవరూ అడగరు. ఈ మాత్రలు వార్డులో హఠాత్తుగా ఆగిపోతే ఫిట్స్ వస్తాయి, మద్యం ఆగినప్పుడు వచ్చినట్టే. ట్రామడాల్ కూడా అంతే జాగ్రత్తగా అడగాల్సిన నొప్పి మాత్ర. మోతాదు ఎక్కువైతే అదీ ఫిట్స్ తెస్తుంది. 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చాక చిల్లరగా దొరకడం కష్టమైంది కానీ, వాడకం మొత్తంగా పోలేదు. పేర్లు గుర్తుండవు కాబట్టి, ఇంట్లో ఉన్న మాత్రల సంచీ మొత్తం తెమ్మనడం మంచి పద్ధతి.

మూత్ర పరీక్ష పెడితే ఈ ప్రశ్నల గొడవంతా ఉండదు కదా అని కొందరంటారు. పరీక్ష చెప్పగలిగింది తక్కువ. గంజాయి అప్పుడప్పుడు తాగినవాడి మూత్రంలో మూడు నాలుగు రోజులే కనిపిస్తుంది, రోజూ తాగేవాడిలో నెల దాకా ఉండొచ్చు. శ్వాసలో మద్యం గంటల్లో పోతుంది. పాజిటివ్ వచ్చిందంటే వాడాడని మాత్రమే అర్థం, బానిసో కాదో అది చెప్పదు. మూడు రోజులు గాలి వదిలించే చోట ఉంచి తర్వాత ఆసుపత్రికి తెచ్చిన మనిషిలో నెగెటివ్ వస్తే అది తప్పుడు ధీమా ఇస్తుంది. మాట్లాడలేని స్థితిలో వచ్చినవాళ్లకు పరీక్ష అవసరమే. మిగతావాళ్లకు చెప్పి, ఒప్పించి చేయాలి.

ఒప్పించడం ఎందుకు కష్టమంటే, భయం. గంజాయి పేరు చెబితే కేసు పెడతారేమో, ఊళ్లో తెలిస్తే పెళ్లి కుదరదేమో. చట్టం ఇక్కడ రోగి వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని మానసిక జబ్బు నిర్వచనంలోనే చేర్చింది. 23వ సెక్షన్ రోగి సమాచారాన్ని గోప్యంగా ఉంచే హక్కునిచ్చింది. 1985 మాదకద్రవ్యాల చట్టంలో వాడకం నేరమే అయినా, బానిసైన వ్యక్తి తనంతట తాను చికిత్సకు వచ్చి దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఉంది. వార్డు గోడ మీద అంటించాల్సినవి ఇవే. మత్తుకు దూరంగా ఉండండి అన్న బొమ్మల పోస్టరు ఇప్పటికే చాలాచోట్ల ఉంది. దాన్ని చూసి నిజం చెప్పే ధైర్యం ఎవరికీ రాదు.

అడిగాక ఏం చేస్తారన్నది అడగడంకంటే పెద్ద ప్రశ్న. మత్తు ఉందని తేలగానే 'ముందు డీ-అడిక్షన్‌కి వెళ్లి మానేసి రండి' అని మానసిక విభాగం, 'ముందు ఆ గొంతులు తగ్గించుకుని రండి' అని డీ-అడిక్షన్ సెంటరు పంపుకుంటుంటే, మధ్యలో బస్సు చార్జీలు అయిపోతాయి, మనిషి ఇంటి దగ్గరే ఆగిపోతాడు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. సైకోసిస్ ఉన్నవాళ్లందరినీ మత్తు గురించి మామూలుగానే అడగాలి, మత్తు ఉందన్న కారణంతో ఎవరినీ మానసిక చికిత్స నుంచి తప్పించకూడదు. ఈ రెండో షరతు లేకపోతే మొదటిది రోగికి హాని చేస్తుంది. నిజం చెప్పినందుకు మంచం పోతే, రెండోసారి ఎవరు చెబుతారు?

కాబట్టి ఒకే డాక్టరు, ఒకే కేస్ షీటు, రెండు జబ్బులూ. తక్కువ స్కోరు వచ్చినవాళ్లకు పది నిమిషాల మాట సరిపోతుంది. తాగుడుకీ, తన నిద్రకీ, తన భయాలకీ సంబంధం ఉందేమో మనిషే చెప్పేలా అడగాలి. ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లకు తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి మందులున్నాయి, లివరు పరీక్ష చూసి సైకోసిస్ మందులతో కలిపే ఇవ్వవచ్చు. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లకు మామూలు కటాఫ్‌లు మరీ ఉదారంగా ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆరోగ్యవంతుడిని ఏమీ చేయని రెండు గ్లాసులు, బైపోలార్ జబ్బుకు లిథియం వాడుతున్న మనిషికి వాంతులు, నీరు తగ్గడం తెచ్చి మందును విషంగా మార్చగలవు.

ఈ పనిని ఎవరు చేయాలన్న దగ్గర, డాక్టర్లు తక్కువ, రోగులు ఎక్కువ అన్న సమాధానం వస్తుంది. అది నిజమే. ఆడిట్ అడగడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. శిక్షణ ఇస్తే స్టాఫ్ నర్సు ఐదు నిమిషాల్లో చేయగలదు. డాక్టరు పని ఆ స్కోరును చూసి మందులు మార్చడం. నర్సు రాసిన గడిని వారం రోజులు ఎవరూ చూడలేదంటే, ఎనిమిదో రోజు ఆమె రాయడం మానేస్తుంది.

డిశ్చార్జి తర్వాత కొలిచే తీరూ మారాలి. ఆడిట్ గత ఏడాది గురించి అడుగుతుంది, నెల తర్వాత మళ్లీ అదే పట్టిక పెడితే పెద్దగా తేడా కనిపించక మనిషి నిరుత్సాహపడతాడు. గత ముప్ఫై రోజుల్లో ఎన్ని రోజులు ముట్టలేదు అని అడిగితే అతనికీ లెక్క తెలుస్తుంది. ఊళ్లోని ఏఎన్ఎం ఫోన్లోనైనా ఇది అడగగలదు. మధ్యలో కష్టమైతే మానసిక సాయం ఫోన్‌లో అందించే టెలీమానస్ 14416, మత్తు పదార్థాల జాతీయ హెల్ప్‌లైన్ 14446 నంబర్లు డిశ్చార్జి కాగితం మీద చేత్తో రాసివ్వాలి. తిరిగి రమ్మనే తేదీని క్యాలెండరు చూసి కాకుండా ఊరి సందడి చూసి వేయాలి. ధనుర్మాసంలో ఇంటికెళ్లే మనిషికి నెల తర్వాత అంటే సంక్రాంతి దాటిపోతుంది. భీమవరం చుట్టుపక్కల పందేల బరుల దగ్గర ఆ మూడు రోజులూ మందు ఎంత దగ్గరగా ఉంటుందో తెలిసిందే. మొదటి విజిట్ భోగికి వారం ముందు పడాలి, రెండోది కనుమ తర్వాత వారంలోపు. చెరువుల దగ్గర రాత్రి కాపలా కాసేవాళ్లకైతే పొద్దున ఓపీ వేళకు నిద్ర ఉంటుంది కాబట్టి, వాళ్లు రాగలిగే వేళేదో డిశ్చార్జి రోజే అడిగి ఆ టైమే రాయాలి.